అగ్నిచోర భయములు – మాయింటి కెమేరా

పచ్చళ్లు చెడకుండ నిలువచేయు విధమును, పట్టుచీరెలకు చిమటలు పట్టకుండ కాపాడు విధమును మన పత్రికలలో తఱచుగా చదువుచుందుము. నేడు నేను వ్రాయబోవునది కెమేరాను ఇంట భద్రపఱచుకొను విషయము. “ఇది ఆడవారికేల?” అని కొందఱు నవ్వవచ్చును. కాని యింటిలో ఏ వస్తువు కనబడకపోయినను “ఎక్కడ పెట్టితివి?” అను ప్రశ్న ముందుగా వచ్చునది మన మీదికే గదా! మగవారు కొని తెత్తురు, పిల్లలు వాడుదురు, దాచు భారము మాత్రము మనది. ఆ భారము నేను సరిగా మోయలేక నేర్చుకొన్న సంగతులను దాచక వ్రాయుచున్నాను.

మాది భూదాన పోచంపల్లి. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావేగారి యెదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరముల భూమిని దానము చేసిన నాటినుండి మా యూరి పేరు దేశమంతట వినబడినది. అప్పుడు నల్లగొండ జిల్లాలోనిదైన యీ గ్రామము 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. ఇచ్చట ఏ వీధికి పోయినను మగ్గముల చప్పుడు వినవచ్చును. నూలును ముందుగానే కట్లు కట్టి, రంగులలో ముంచి, తరువాత నేయుట మా యూరి విద్య.

మావారు బడిపంతులు. మా మఱది ఛాయాచిత్రములు తీయువాడు. పెండ్లిండ్లకు పోవును, నేతవారి చీరెలను దూరదేశపు కొనుగోలుదారులు చూచుటకై చిత్రములు తీసి పంపును. అతని సామగ్రి యంతయు మా యింటనే యుండును. ఒక కెమేరా, మూడు కటకములు, నాలుగు బ్యాటరీలు, దీపములు, కాళ్లపీట, గోరంతయైన కార్డులు. వీనిలో మిక్కిలి విలువైనది ఏదని మొదట నన్నడిగి యుండినచో కెమేరాయే యని చెప్పి యుందును. ఎంత పొరబడితినో వినుడు.

రెండేండ్ల క్రిందటి శ్రావణమాసమున మా వాడకట్టులోనే యొక పెండ్లి జరిగినది. పెండ్లికూతురు చిన్ననాట మా యింట ఆడుకొన్న పిల్ల. మఱది రెండు దినములు నిద్రలేక చిత్రములు తీసి, మూడవనాటి రాత్రి వచ్చి, కెమేరాను కిటికీ యొద్దనున్న బల్లపై నుంచి, “వదినా, పొద్దున లేచి ఎక్కించుకుంట” అని పండుకొనెను. ఉక్కగా నున్నదని కిటికీ తలుపులు నేనే తెఱచితిని. ఊచలున్నవి గదా యని ధైర్యము. తెల్లవాఱి చూచునప్పటికి బల్ల బోసిగా నుండెను. ఊచల నడుమనుండి కొక్కెము కట్టిన కఱ్ఱ చొప్పించి, మెడపట్టీని తగిలించి లాగికొని పోయినారు. కిటికీ క్రింద ఆ కఱ్ఱ పడియుండెను. ఊచలు మనిషిని ఆపును గాని కఱ్ఱను ఆపవు.

ఠాణాకు పోయిన మావారిని అచ్చటివారు మొదట అడిగినది కెమేరా నంబరు. మాకు తెలియదు. కొన్న రసీదు అడిగిరి. ఎక్కడనో యుండినది, దొరకలేదు. నల్లని కెమేరా యని చెప్పినచో లోకమున నల్లవి కాని కెమేరాలెన్ని?

మా తాతగారు నన్ను బడికి పంపక యింటనే కూర్చుండబెట్టి భారత భాగవతములను, కొన్ని సంస్కృత నాటకములను చదివించినారు. ఆ దినమున నాకు శూద్రకుని మృచ్ఛకటికము జ్ఞప్తికి వచ్చినది. వసంతసేన తన నగలను చారుదత్తుని యింట దాచుకొనును. శర్విలకుడను దొంగ రాత్రివేళ గోడకు కన్నము వేయును. కొలత్రాడు మఱచి వచ్చి తన జందెముతోనే కొలుచుకొనును. పోయినది తన సొమ్మైన చారుదత్తునకు అంత చింత లేకపోవును. పోయినది పరులు నమ్మి దాచిన నిక్షేపము. అప్పుడాయన భార్య ధూత తన ముత్యాలహారమును తీసి యిచ్చివేయును. ధూతను తలచుకొని, పుట్టినింటివారు పెట్టిన గాజులను నేను మఱది చేతిలో పెట్టితిని. రెండు వారములలో క్రొత్త కెమేరా వచ్చినది. కథ ముగిసినదనుకొంటిని.

కార్తికమాసమున ఆ పెండ్లికూతురి తండ్రి గుండెనొప్పితో హఠాత్తుగా పోయినాడు. కర్మలన్నియు ముగిసిన తరువాత ఆ పిల్ల మా గుమ్మమున నిలుచుండి, “అక్కా, అప్పగింతలప్పుడు మా నాయన మస్తు ఏడ్చిండట. నేను తలకాయ ఎత్తి చూడలే. గా ఫోటో ఒక్కటన్న ఉన్నదా?” అని అడిగినది. లేదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. నా గాజులు కెమేరాను తెచ్చినవి గాని కార్డును తేలేదు. ఆ చిత్రము మాది కాదు, ఆ పిల్లది. మేము దానికి కావలివారము మాత్రమే. ఇది నాకు అర్థమగుటకు ఒక మనిషి పోవలసి వచ్చినది.

ఆ దుఃఖములో నేను చేసిన పని, క్రొత్త కెమేరాను తోలుసంచితో సహా ఇనుప బీరువాలో పెట్టి తాళము వేయుట. తాళపుచెవి ఎక్కడ పెట్టితినో చెప్పనేల? మీలో సగము మంది పెట్టు చోటనే, బీరువా నెత్తిమీదనే. తక్కిన సగము మంది పోపుల పెట్టెలో పెట్టుదురు. ఈ రెండు చోట్లును దొంగలకు మనకన్న బాగుగా తెలియును.

మఱుసటి వర్షాకాలమున పనులు లేక కెమేరా రెండు మాసములు బీరువాలోనే యుండినది. భాద్రపదమున తీసి చూడగా ఒక కటకము లోపల సాలెగూడు వంటి తెల్లని పోగులు కనబడినవి. అది బూజు. గాలి కదలిక లేని చోట, చీకటిలో, గాలిలోని తేమ నూటికి 60, 70 పాళ్లు దాటి నిలిచియున్నచో అది గాజుపై మొలచును. దాని నుండి పుట్టు ఆమ్లము గాజుపైనున్న పూతను తినివేయును. ఆలస్యమైనచో తుడిచినను మచ్చ పోదు. తోలుసంచి తేమను పీల్చి పట్టి యుంచును గనుక నేను కెమేరాను దొంగనుండి దాచి బూజునకు అప్పగించితిని.

పోతనామాత్యుని భాగవతమును గుఱించి పెద్దలు చెప్పుకొను కథ మీరెఱుగుదురు. సర్వజ్ఞసింగభూపాలుడు అలిగి ఆ గ్రంథమును నేల పాతించినాడనియు, త్రవ్వి తీయునప్పటికి కొంత భాగము శిథిలమైనదనియు చెప్పుదురు. కథ ఎట్లున్నను, నేడు మనము చదువు భాగవతములో పంచమస్కంధము గంగన, షష్ఠస్కంధము సింగన, చివరి స్కంధములు వెలిగందల నారయ వ్రాసినవే. కంటబడకుండ ఉంచుట వేఱు, కాపాడుట వేఱు అని చిన్ననాట చదివిన కథ నాకప్పుడు బోధపడినది.

ఇక అగ్ని సంగతి. దొంగభయముచేత ఛార్జరును కూడ కిటికీ యొద్దనుండి తీసివేసి వెనుకటి గదికి మార్చితిని. అచ్చట బొంతలు మడిచి పెట్టు చెక్కబల్ల కలదు. ఆ బొంతలపైననే బ్యాటరీని ఛార్జింగునకు పెట్టి, తలుపు దగ్గఱగా వేయుట మాకు అలవాటైనది. నాలుగు బ్యాటరీలలో ఒకటి కొంచెము ఉబ్బి, ఛార్జరులో బిగువుగా దూఱుచుండెను. “పాతదయింది” అనుకొంటిమేగాని అది హెచ్చరిక యని యెఱుగము.

ఫాల్గునమాసపు ఒక రాత్రి అందఱము నిద్రింపబోవుచుండగా మా అత్తమ్మ, “ఏందో కమురు వాసనొస్తున్నది, చూడుండ్రి” అని లేచినది. తలుపు తీయగా గదినిండ నల్లని పొగ. బొంత నడుమ ఎఱ్ఱగా కణకణలాడుచుండెను. ఆ గది గోడకావల మా పొరుగువారి మగ్గపుగది. మగ్గముపై సగము నేసిన పట్టుచీరెలు, దూలములకు వ్రేలాడదీసిన నూలుచిలుపలు. రెండిండ్ల దూలములును ఆ నడిమిగోడ మీదనే యానియున్నవి. మావారు పరుగున పోయి మెయిన్ స్విచ్చి ఆపినారు. మఱది కఱ్ఱతో బొంతను వాకిటికి ఈడ్చినాడు. నేనును అత్తమ్మయు తొట్టిలోని నీళ్లు బిందెలతో గ్రుమ్మరించితిమి. బొంత కాలినది, చెక్కబల్ల మాడినది, మఱది చేయి బొబ్బలెక్కినది. పొరుగువారి పోగు ఒక్కటియు కాలలేదు. దేవుని దయ యనుకొంటిని. అత్తమ్మ ముక్కు యని కూడ అనుకొంటిని.

తరువాత తెలిసికొంటిని, మేము చేసినది సాహసమేగాని వివేకము కాదు. ఈ బ్యాటరీలలో లిథియము ఉండును. దెబ్బతిన్నను, ఉబ్బినను, సరిపడని ఛార్జరు పెట్టినను లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి వేడి పుట్టును. ఆ వేడి మఱింత వేడిని పుట్టించును. మండు వాయువు వెలువడును. ఆ పొగ ఊపిరికి మిక్కిలి హాని. మంట బట్టకు, చెక్కకు అంటుకొన్నచో మనుష్యులందఱు బయటికి వచ్చి, తలుపు మూసి, 101కి గాని 112కు గాని ఫోను చేయవలెను. వస్తువుల కొఱకు ఎవరును లోనికి పోరాదు. చిన్నదై, వెలుపలికి పోవు దారి మన వెనుకనే యున్నచో, ముందు కరెంటు ఆపి, ఆ తరువాతనే నీళ్లు విస్తారముగా పోయవలెను. కరెంటు ఆపక నీళ్లు పోయుట ప్రాణాపాయము.

లక్కయింటిలో పాండవులు బ్రదికినది ఇంటికి తాళము వేసికొనుటచేత కాదు. విదురుని మాటలోని హెచ్చరికను ముందే గ్రహించి, సొరంగపు దారి సిద్ధము చేసికొనుటచేత. ఉబ్బిన బ్యాటరీ మాకు విదురుని మాట వంటిది. మేము వినలేదు.

ఛాయాచిత్రములకు అగ్నిభయము నేటిది కాదు. పూర్వము చలనచిత్రములకు వాడిన నైట్రేటు ఫిల్ము తనలోనే ప్రాణవాయువును కలిగియుండుటచేత నీళ్లలో ముంచినను మండును. 2003 జనవరి 8వ తేదీన పూణేలోని ఫిల్ము సంస్థ ప్రాంగణమున అట్టి పాత ఫిల్ములు తగులబడి, మన దేశపు తొలినాటి చిత్రముల ప్రతులు పెక్కు బూడిదయైనవి. మన హైదరాబాదున ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళు (1844–1905) పలకలు గాజువి గనుక మండెడివి కావు గాని, చేయి జాఱినచో ముక్కలు. ఆయన 1892లో ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా ఒక చిత్రశాల తెఱచి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. పరపురుషుని కంటబడని మన ముందటి తరముల స్త్రీలు తమ రూపును నమ్మి యిచ్చినది అట్టి వనితకు. ఆయన తీసిన గాజుపలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. అంత పెళుసైన వస్తువు నూఱేండ్లు నిలిచినదనగా, దాని వెనుక ఎందఱి జాగ్రత్త యున్నదో తలపోయుడు.

ఇప్పుడు మా యింట నడచుచున్న పద్ధతిని వ్రాయుచున్నాను. ఇందులో ధనవ్యయము స్వల్పము.

ఛార్జింగు పగటివేళ, మనిషి మెలకువగా నున్నపుడే. బ్యాటరీ క్రింద బండగాని సిమెంటు గచ్చుగాని యుండవలెను. చుట్టును మూరెడు దూరములో బట్ట, కాగితము, నూలు ఉండరాదు. బ్యాటరీతో వచ్చిన ఛార్జరునే వాడుదుము. నిండిన వెంటనే తీసివేయుదుము. ఉబ్బినదానిని, క్రింద పడి నొక్కుకొన్నదానిని మఱల ఛార్జింగునకు పెట్టము. చెత్తకుండిలో వేయక, అట్టివానిని తీసికొను అంగడికి పంపుదుము. విడి బ్యాటరీల లోహపు కొనలకు మూత పెట్టుదుము. తాళపుచెవులతోను చిల్లరతోను కలిపి సంచిలో వేయము. చాలకాలము వాడనిచో సగము ఛార్జితో, చల్లని చోట, కెమేరానుండి వేఱుగా ఉంచుదుము.

కెమేరాను, కటకములను తోలుసంచినుండి తీసి, గాలి చొరని మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో పెట్టుదుము. నీలిరంగు గుండ్లు గులాబిరంగునకు తిరిగినచో తేమ నిండినదని గుఱుతు. వేడిచేసి ఆఱబెట్టినచో మఱల నీలమగును. తేమను చూపు చిన్న యంత్రమొకటి డబ్బాలో నుంచితిమి. అది 40కిని 50కిని నడుమ నుండవలెను. బియ్యములో పూడ్చుట, కలరా ఉండలు వేయుట కూడదు. మొదటిదానివలన దుమ్ము, రెండవదాని ఆవిరివలన హాని. పదిదినముల కొకసారి బయటికి తీసి వెలుతురు చూపుదుము. ఆ పని నాది.

ఇనుప బీరువా అగ్నిని ఆపునని నమ్మకుడు. దాని పలుచని రేకు వేడిని లోనికి పంపును. అగ్నిసహమని అమ్ము పెట్టెలలోను భేదములు కలవు. లోపలి వేడి 177 సెంటీగ్రేడు డిగ్రీలు దాటనిచో కాగితము నిలుచును. ఆ లెక్కన చేసిన పెట్టెలో దస్తావేజులు బ్రదుకును గాని ఫిల్ము, కార్డులు కరగును. ఫిల్మునకు 66, కార్డులు డిస్కులవంటి వానికి 52 డిగ్రీలు దాటరాదని ప్రమాణము. కొనువారు ఏ ప్రమాణమునకు ఎన్ని గంటలు నిలుచునో చదివి కొనవలెను. మేము కొనలేదు. మాకు తోచిన మార్గము వేఱు; చివర చెప్పెదను.

దొంగల విషయము. కిటికీకి ఊచలపై సన్నని ఇనుపజాలి వేయించితిమి. కిటికీ చేరువ బల్ల తీసివేసితిమి. కంపెనీ పేరు పెద్ద అక్షరములతో నున్న సంచిని మాని, మామూలు చేనేతసంచి కుట్టించితిని. దానిని చూచినవారు కూరగాయలనుకొందురు. ఊరికి పోవుచున్నామని ఫోనులో లోకమునకు ముందుగా చాటుట మానితిమి. కెమేరా అడుగునను, కటకముల అంచునను నుండు నంబరులను వ్రాసి, రసీదు నకలుతో కూడ మూడు చోట్ల పెట్టితిమి. పెక్కు కెమేరాలు తాము తీసిన ప్రతి చిత్రములోను తమ నంబరును కంటికి కనబడకుండ వ్రాసియుంచునని మావారి శిష్యుడొకడు తరువాత చెప్పినాడు. మా పాత చిత్రములలో వెదకగా పోయిన కెమేరా నంబరు దొరకినది! ఆలస్యమే యైనను ఠాణాలో ఇచ్చి వచ్చినారు. దొంగతనమైనచో ప్రథమ సమాచార నివేదిక నకలును ఫిర్యాదుదారునకు ఉచితముగా ఇయ్యవలెనని చట్టము. అది లేనిదే బీమావారు ముందునకు కదలరు. ఇంటి బీమా యున్నచో కెమేరా ఇల్లు దాటి పోయినపుడును వర్తించునా యని అడుగవలెను. పెక్కు దొంగతనపు బీమాలలో తాళమో తలుపో పగిలిన గుఱుతు ఉండవలెను. తెఱచిన కిటికీగుండ పోయినదానికి ఇయ్యకపోవచ్చును.

తాళపుచెవి ఇప్పుడెక్కడ నున్నదో వ్రాయను. అది కూడ నేర్చుకొన్న పాఠమే.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది. కెమేరాను మఱల కొనవచ్చును, చిత్రమును కొనలేము. కాబట్టి మఱది ఎంత అలసి వచ్చినను కార్డులోని చిత్రములను రెండు డిస్కులలో ఎక్కించిన పిదపనే అన్నము వడ్డింతును. అతడు గొణుగును, నేను వినను. చిత్రములు గలవారికి అప్పగించువఱకు కార్డును చెఱపము. మూడవ ప్రతి మా యింటనే యుండినచో ఒకే మంటకు, ఒకే దొంగకు అన్నియు పోవును గదా! అందుచేత ఒక డిస్కు నల్లగొండలో మా అన్నగారింట నుండును. బతుకమ్మకు పుట్టినింటికి పోవునపుడు క్రొత్తది తీసికొని పోయి, అచ్చటి పాతదానిని తెచ్చెదను. సంక్రాంతికి, ఉగాదికి మఱల అట్లే. నడుమ తీసినవి మావారు ఫోను ద్వారా దూరపు నిలువలో ఎక్కింతురు. ఆడపిల్ల పుట్టినింటికి రాకపోకలు చేయుట ఇట్టి పనికి కూడ ఉపయోగపడునని మా అమ్మ నవ్వును.

ఆ పెండ్లికూతురి మాట చెప్పక ముగించుట న్యాయము కాదు. ఆ పెండ్లికి వచ్చిన చుట్టములందఱిని, వారి చుట్టములను అడిగి అడిగి, మఱది నాలుగు మాసములు వెదకినాడు. దూరపు బంధువొకని ఫోనులో అప్పగింతల సమయపు చిత్రమొకటి దొరకినది. అందులో ఆ పిల్ల తలవంచుకొని యున్నది. తండ్రి ముఖము చిత్రపుటంచునకు ఆవల నుండిపోయినది. రంగులు అద్ది అద్ది గోళ్లలో నీలి నిలిచిన ఆయన చేయి మాత్రము బిడ్డ తలపై నున్నది.

దానిని అద్దము కట్టించి యిచ్చితిమి. ఆ పిల్ల చాలసేపు చూచి, “గిది మా నాయన చెయ్యే” అన్నది. మఱేమియు అనలేదు. మమ్ము నిందించి యుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

సోదరీమణులారా, మీ యింట పెద్ద కెమేరా లేకపోవచ్చును. ఫోను ఉండును, పాత ఫోటోల పెట్టె యుండును. ఈ ఆదివారము ఒక గంట తీఱిక చేసికొని, వానిలోని చిత్రములకు రెండవ ప్రతి చేయించి, దానిని మఱియొక యింట నుంచుడు. మీ చేతిలో నున్నది మీ సొమ్మే యని తలపకుడు. రేపు గుమ్మమున నిలుచుండి అడుగువారి సొమ్ము అది.